సొంత పొలంలో, ఇంటి స్థలంలో కరెంటు స్తంభం, లైను ఉంటే ఏం చేయాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

పొలంలోనో ఇంటి స్థలంలోనో ఉన్న కరెంటు స్తంభం గురించి అర్జీ పెట్టదలచినవారు ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. తమకు కావలసింది ఉన్న లైనును సరిచేయడమా, లేక దానిని మరో చోటికి మార్చడమా అన్నదే ఆ విషయం. ఒరిగిన స్తంభాన్ని నిలబెట్టడం, కిందికి వేలాడుతున్న తీగలను బిగించడం, స్తంభం ఒరగకుండా నేలకు లాగి కట్టే స్టే వైరు తుప్పు పడితే మార్చడం పంపిణీ సంస్థ బాధ్యత కాబట్టి వాటికి భూయజమాని డబ్బు కట్టనక్కరలేదు. బాగానే ఉన్న లైనును ఇల్లు కట్టుకోవడానికనో, రొయ్యల చెరువు తవ్వుకోవడానికనో పక్కకు జరపమంటే మాత్రం ఆ ఖర్చు అడిగినవారే భరించాలి. ఈ రెండింటినీ ఒకే కాగితంలో కలిపి రాస్తే, ఉచితంగా జరగవలసిన మరమ్మతు కూడా ఖర్చు అంచనాలు, డబ్బు కట్టమనే డిమాండ్ నోటీసుల వరుసలో చేరి ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి రెండు అవసరాలూ ఉన్నవారు రెండు వేర్వేరు అర్జీలు ఇవ్వడం మంచిది.

1. లైను ఎవరిది, ఎంత వోల్టేజీది

నెల్లూరు జిల్లాలో పంపిణీ లైన్లు తిరుపతి ప్రధాన కార్యాలయంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఏపీఎస్‌పీడీసీఎల్ చేతిలో ఉన్నాయి. ప్రకాశం జిల్లా విజయవాడ కేంద్రంగా ఏర్పడిన మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఏపీసీపీడీసీఎల్ పరిధిలోకి వెళ్లింది. జిల్లాల సరిహద్దులు 2022లో మారాయి కనుక కందుకూరు వైపు వారు జిల్లా పేరును బట్టి ఊహించుకోకుండా, చేతిలో ఉన్న కరెంటు బిల్లు మీద ఏ సంస్థ పేరు ఉందో, ఏ సెక్షన్ కార్యాలయం రాసి ఉందో చూసుకుని అర్జీ ఇవ్వాలి. పెద్ద ఇనుప టవర్ల మీద పోయే 132, 220 కేవీ (కిలోవోల్టుల) లైన్లు ఎక్కువగా రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ సంస్థ అయిన ట్రాన్స్‌కోవి. 400 కేవీ లైన్లు ట్రాన్స్‌కోవి కావచ్చు, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన పవర్‌గ్రిడ్‌వి కావచ్చు. కృష్ణపట్నం తీరాన థర్మల్ కేంద్రాలు ఉన్నందువల్ల ముత్తుకూరు, మనుబోలు పరిసరాల పొలాల మీదుగా ఇలాంటి పెద్ద లైన్లు చాలానే పోతాయి. వాటి గురించి మండలంలోని పంపిణీ సంస్థ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఎన్ని అర్జీలు ఇచ్చినా ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు.

వోల్టేజీని కింద నిలబడి పోల్చుకోవచ్చు. స్తంభానికి ఒకదాని కింద ఒకటిగా నాలుగైదు తీగలు చిన్న పింగాణీ ఇన్సులేటర్లకు కట్టి ఉంటే అది ఇళ్లకూ మోటార్లకూ సరఫరా ఇచ్చే ఎల్‌టీ, అంటే తక్కువ వోల్టేజీ లైను. స్తంభం తలమీద వి ఆకారపు ఇనుప క్రాస్ ఆర్మ్ ఉండి, మూడు తీగలు త్రికోణంగా పోతుంటే అది సాధారణంగా 11 కేవీ. లైను మలుపు తిరిగే చోట తీగను లాగిపట్టే డిస్కులను లెక్కపెడితే అనుమానం ఇంకా తీరుతుంది. 11 కేవీకి ఒకటో రెండో డిస్కులు, 33 కేవీకి మూడు, 132 కేవీకి తొమ్మిది పది వరకు ఉంటాయి. ఎల్‌టీకి మామూలుగా 8 మీటర్ల సిమెంటు స్తంభాన్ని, 11 కేవీకి 9.1 మీటర్ల స్తంభాన్ని వాడతారు. స్తంభంలో దాదాపు ఆరో వంతు భూమిలోనే ఉంటుంది కాబట్టి పైకి కనిపించే ఎత్తు అంతకన్నా తక్కువ. ఒకే స్తంభం మీద పైన 11 కేవీ, కింద ఎల్‌టీ కలిసి పోయే చోట్లూ ఉన్నాయి. అటువంటి చోట పై లైనును బట్టే దూరాలు చూసుకోవాలి.

2. కాగితాలు, ఫొటోలు

పట్టాదారు పాసుపుస్తకం, మీభూమిలో తీసిన 1బి, అడంగల్, సర్వే నంబరు కనిపించే ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు దగ్గర ఉంచుకోవాలి. రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబరుతో పాటు రీసర్వేలో ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు కూడా రాయాలి. లేకపోతే ఫైలు పరిశీలనలో ఒకే భూమి రెండు భూములుగా కనిపించి జాప్యం జరుగుతుంది. ఇంటి స్థలమైతే రిజిస్టరు దస్తావేజు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ప్లాను ఆమోదం అవసరమవుతాయి.

ఫొటోలలో స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు చదవగలిగేలా ఒకటి, స్తంభం మొదలు దగ్గర ఒకటి, రెండు స్తంభాల మధ్య తీగ వంపు కనిపించేలా దూరం నుంచి ఒకటి తప్పక ఉండాలి. ఆ లైను ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తోందో, దాని కింద ఎన్ని మోటార్లు, ఎన్ని ఇళ్లు ఉన్నాయో కూడా రాసుకోవాలి. లైను ఎప్పుడు వేశారో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద డివిజన్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారిని అడగవచ్చు. ఆయన 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఈ తేదీ నష్టపరిహారం విషయంలో ఎందుకు ముఖ్యమో చెట్ల గురించి చెప్పే చోట తెలుస్తుంది.

3. దూరాలు, వాటిని కొలిచే పద్ధతి

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010లో వచ్చి, 2023లో కొత్త రూపంలో వెలువడ్డాయి. వాటి ప్రకారం దారిని అడ్డంగా దాటే ఎల్‌టీ తీగ నేల నుంచి కనీసం 5.8 మీటర్లు, 11 కేవీ తీగ 6.1 మీటర్లు ఎత్తులో ఉండాలి. దారి వెంట పోయేవైతే ఎల్‌టీకి 5.5, 11 కేవీకి 5.8 మీటర్లు. దారి కాని చోట, అంటే పొలాల మీదుగా పోయే కప్పులేని (ఇన్సులేషన్ తొడుగు లేని) తీగలకు 11 కేవీ వరకు 4.6 మీటర్లు, 33 కేవీకి 5.2 మీటర్లు. 4.6 మీటర్లంటే పదిహేను అడుగులు. ఇంతకన్నా కిందికి తీగ దిగిందంటే అది సంస్థ సరిచేయవలసిన లోపమే. వరికోత యంత్రం, గడ్డి ఎత్తిన ట్రాక్టరు రోజూ తిరిగే నెల్లూరు డెల్టా పొలాలలో ఈ పదిహేను అడుగులు కూడా ధైర్యం ఇచ్చే ఎత్తు కాదని నా అభిప్రాయం. పొలంలోకి యంత్రం దిగే బాట మీదుగా లైను పోతుంటే ఆ సంగతి అర్జీలో విడిగా రాసి, అక్కడ ఎత్తు పెంచమని కోరాలి.

భవనాల విషయంలో లైను మిద్దె మీదుగా పోతే ఎల్‌టీకి భవనపు అత్యంత ఎత్తైన భాగం నుంచి 2.5 మీటర్లు, 11, 33 కేవీలకు 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. పక్కగా పోతే ఎల్‌టీకీ 11 కేవీకీ 1.2 మీటర్లు, 33 కేవీకి 2 మీటర్లు. అంతకు మించిన వోల్టేజీకి ప్రతి అదనపు 33 కేవీకి 0.3 మీటరు చొప్పున కలుపుకోవాలి కనుక, 132 కేవీ లైనుకు పైన 4.6, పక్కన 2.9 మీటర్లు అవుతాయి. మిద్దె మీద పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, రేపు వేయబోయే రెండో అంతస్తు ఉంటాయన్నది మరచి, శ్లాబు నుంచి కొలిచి సరిపోయిందనుకోకూడదు.

పై కొలతలన్నీ తీగ ఎక్కువగా సాగినప్పటి స్థితికి, పక్క దూరాలైతే గాలికి ఊగినప్పటి స్థితికి వర్తిస్తాయి. వేడికి తీగ సాగుతుంది కాబట్టి డిసెంబరు ఉదయం సరిపోయినట్లు కనిపించిన ఎత్తు మే నెల మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. ఇనుప టేపు, వెదురు గడ, అల్యూమినియం నిచ్చెన ఎత్తి కొలవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. దానికి బదులు, ఎత్తు తెలిసిన మనిషిని తీగ బాగా వంగిన చోట నేల మీద నిలబెట్టి, నలభై యాభై అడుగుల దూరం నుంచి నేల, మనిషి, తీగ మూడూ పడేలా ఫొటో తీయాలి. ఆ ఫొటోలో మనిషి ఎత్తుకు తీగ ఎన్ని రెట్లు ఉందో స్కేలుతో చూస్తే సుమారు లెక్క తేలుతుంది. అయిదున్నర అడుగుల మనిషికి రెండున్నర రెట్లు కూడా లేదంటే తీగ పద్నాలుగు అడుగుల లోపే ఉన్నట్లు. అర్జీకి ఈ ఆధారం చాలు, కచ్చితమైన కొలత ఏఈ వచ్చి తీసుకుంటారు.

4. సరిచేయమని అర్జీ

తీగ తెగి పడినా, స్తంభం పడిపోయేలా ఉన్నా కాగితాల జోలికి పోకుండా వెంటనే 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకుని, సరఫరా ఆపించాలి. తెగిన తీగలో కరెంటు లేదని ఎవరు చెప్పినా దగ్గరకు వెళ్లకూడదు, ముఖ్యంగా నీరు నిలిచిన వరిచేనులోకి దిగకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాను వానలకు నేల నాని స్తంభాలు ఒరిగే ప్రాంతం మనది. ఆ కాలానికి ముందే, ఆగస్టు సెప్టెంబరులలో, స్తంభం మొదళ్లు, స్టే వైర్లు చూసుకోవడం తెలివైన పని. సముద్రపు గాలి తగిలే కోట, వాకాడు, కొత్తపట్నం వైపు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి స్టే రాడ్డు నేలలోకి దిగే చోటును ప్రత్యేకంగా చూడాలి. చేత్తో తాకకుండా, కళ్లతో మాత్రమే చూడాలని వేరే చెప్పనక్కరలేదు.

అత్యవసరం కానివాటికి సెక్షన్ ఏఈ గారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం, ముద్ర తీసుకోవాలి. గ్రామ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటుకు చెప్పడం మంచిదే, అయితే నోటిమాట రికార్డులో నిలవదు. అర్జీ ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన అసిస్టెంట్ ఇంజనీరు గారికి, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులోని నా పొలంలో ఉన్న ఫలానా నంబరు స్తంభం తూర్పు వైపుకు ఒరిగి ఉన్నది. దీనికీ తర్వాతి స్తంభానికీ మధ్య 11 కేవీ తీగలు నేలకు సుమారు 14 అడుగుల ఎత్తులో వేలాడుతున్నవి. ఈ బాటలో వరికోత యంత్రాలు, ట్రాక్టర్లు తిరుగుతున్నవి. భద్రతా నిబంధనలలో చెప్పిన ఎత్తు లేనందున ప్రమాదం జరిగే అవకాశం ఉన్నది. వెంటనే పరిశీలించి, స్తంభాన్ని సరిచేసి, అవసరమైతే మధ్య స్తంభం వేసి తీగలను బిగించవలసిందిగా కోరుతున్నాను. ఫొటోలు జతపరిచాను."

ఈ అర్జీలో "మార్చండి", "తీసేయండి" అన్న మాటలు లేవని గమనించగలరు. ఏం చేయాలో ఇంజనీర్లు నిర్ణయిస్తారు. లోపం ఏమిటో, ఎక్కడుందో, ఎవరికి ప్రమాదమో చెప్పడమే అర్జీదారు పని.

5. మార్చమని అర్జీ

ముందు చవకైన దారులు ఉన్నాయేమో అడగాలి. కప్పులేని ఎల్‌టీ తీగల స్థానంలో తొడుగు ఉన్న తీగలను కలిపి పేనిన ఏబీ కేబుల్ వేయడం, ఎత్తైన స్తంభం వేసి తీగను పైకి తీయడం, దారికి అడ్డమైన స్టే వైరు బదులు ఆనుడు స్తంభం నిలబెట్టడం వంటి వాటితో చాలా ఇళ్ల సమస్య తీరిపోతుంది. ఇంటి గుమ్మం ముందు స్టే వైరు ఉన్నంత మాత్రాన మూడు స్తంభాల లైను మొత్తం జరపనక్కరలేదు.

మార్చక తప్పదనుకుంటే, కొత్త దారి ఎవరి భూమిలో పడుతుందో ముందే చూసుకోవాలి. ఈ పని ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. గట్టు అవతలి రైతు ఒప్పుకోకపోతే అంచనా మంజూరైనా స్తంభం గుంత తవ్వలేరు. అందువల్ల సాధ్యమైనంతవరకు సొంత భూమి సరిహద్దు వెంటో, ప్రభుత్వ డొంక వెంటో మార్గం ప్రతిపాదించాలి. పక్కవారి భూమి తప్పనిసరైతే వారి సంతకంతో అంగీకార పత్రం అర్జీకి జతచేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ కూడా కదిలే పనైతే దాని కింద మోటార్లు ఉన్న రైతులందరితో మాట్లాడుకోవాలి.

అర్జీ అందాక ఏఈ స్థలం చూసి స్కెచ్ గీసి, ప్రామాణిక ధరల పట్టిక ప్రకారం అంచనా తయారుచేస్తారు. మొత్తాన్ని బట్టి అది పై అధికారులైన డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) లేదా ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) మంజూరుకు వెళుతుంది. డిపాజిట్ కంట్రిబ్యూషన్ పద్ధతిలో మొత్తం కట్టేసి పనిని సంస్థకే వదిలేయవచ్చు. టర్న్‌కీ పద్ధతిలో లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత చేయించుకుని, సంస్థకు పర్యవేక్షణ చార్జీలు కట్టవచ్చు. రెండో పద్ధతిలో పని వేగంగా సాగుతుంది కానీ, సామగ్రి నాణ్యత చూసుకునే భారం యజమాని మీద పడుతుంది. ఏ పద్ధతిలోనైనా అంచనా నకలు అడిగి తీసుకుని, ఎన్ని స్తంభాలు, ఎంత తీగ, విప్పడానికి ఎంత, జీఎస్టీ ఎంత అన్నవి వరుసగా చదవాలి. డబ్బు డిమాండ్ నోటీసు ప్రకారం సంస్థ ఖాతాలో కట్టి రసీదు తీసుకోవాలి. లైన్‌మన్ చేతికో మధ్యవర్తి చేతికో ఇచ్చిన మొత్తానికి ఏ లెక్కా ఉండదు. విప్పిన పాత స్తంభాలు, తీగలు సంస్థవి కాబట్టి అవి స్టోరుకు వెళతాయి, యజమాని వాటిని ఉంచుకోకూడదు.

పని జరిగే రోజు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుని సరఫరా ఆపిన తర్వాతే ఎవరైనా స్తంభం ఎక్కాలి. వరినాట్ల సమయంలోనో, చెరువులో ఏరియేటర్లు తిరిగే వేళలోనో గంటల కొద్దీ సరఫరా ఆపితే చుట్టుపక్కల రైతులతో గొడవ వస్తుంది. కోతలు అయిన తర్వాత పని పెట్టుకోవడం అందరికీ అనుకూలం.

ఇల్లు కట్టబోయేవారికి నిబంధనలు మరో బాధ్యత పెట్టాయి. లైను ఉన్న చోట కొత్తగా కట్టడం మొదలుపెట్టేముందు, లేదా ఉన్న ఇంటిని పెంచేముందు, స్కేలు ప్రకారం గీసిన ప్లానుతో పంపిణీ సంస్థకూ విద్యుత్ తనిఖీ అధికారికీ రాతపూర్వకంగా తెలియజేయాలి. గోడలు లేచాక వెళితే, లైను ముందు వచ్చిందా ఇల్లు ముందు వచ్చిందా అన్న ప్రశ్నలో యజమాని ఓడిపోతారు. చెరువు తవ్వేవారు స్తంభం చుట్టూ ఎంత మట్టి వదలాలో ఏఈ చేత రాయించుకుని, పొక్లెయిన్ ఆపరేటరుకు సున్నంతో గీత గీసి చూపించాలి.

6. కొత్తగా లైను వేయడానికి వస్తే

పంపిణీ లైన్లకు 2003 విద్యుత్ చట్టంలోని 67వ సెక్షన్, దాని కింద కేంద్రం 2006లో చేసిన వర్క్స్ ఆఫ్ లైసెన్సీస్ నియమాలు ఆధారం. ఆ నియమాల ప్రకారం ముందుగా యజమాని అంగీకారం తీసుకోవాలి. ఆయన అభ్యంతరం చెబితే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, లేదా ప్రభుత్వం నియమించిన అధికారి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. పరిహారమో, ఏటా అద్దెయో, రెండూనో నిర్ణయించే అధికారం కూడా ఆ అధికారికే ఉంది. కాబట్టి గుంత తవ్వుతున్న కూలీలతో వాదించే బదులు, అదే రోజు ఏఈకీ కలెక్టరుకూ అభ్యంతరం రాసి పంపి, ప్రత్యామ్నాయ మార్గం స్కెచ్ జతచేయాలి. నోటితో మాత్రమే చెప్పిన అభ్యంతరాన్ని తర్వాత రుజువు చేయడం కష్టం.

ట్రాన్స్‌కో, పవర్‌గ్రిడ్ టవర్ల విషయం వేరు. విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ కింద టెలిగ్రాఫ్ అధికారాలు పొందిన సంస్థకు యజమాని అంగీకారం తప్పనిసరి కాదు. ఆ అధికారాలు 1885 టెలిగ్రాఫ్ చట్టం నుంచి వచ్చినవి. కొత్త టెలికమ్యూనికేషన్ చట్టం 2023లో వచ్చినా, విద్యుత్ లైన్ల వరకు పాత చట్టంలోని ఈ భాగం కొనసాగేలా ఏర్పాటు చేశారు. టెలిగ్రాఫ్ చట్టం పదో సెక్షన్ ప్రకారం సంస్థకు వచ్చేది వాడుకునే హక్కు మాత్రమే, భూమి యజమానిదే. వీలైనంత తక్కువ నష్టం చేయాలి, చేసిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. ఇచ్చింది చాలకపోతే 16వ సెక్షన్ కింద జిల్లా జడ్జి ముందుకు వెళ్లవచ్చు. పరిహారానికి ఒకే సూత్రం లేదని, భూమి ఎక్కడుంది, లైను నడుమగా పోతోందా అంచున పోతోందా అన్నవి చూడాలని సుప్రీంకోర్టు 2007లో కేరళ విద్యుత్ బోర్డు, లివీషా కేసులో చెప్పింది. అందుకే లైను పొలాన్ని ఎలా చీలుస్తోందో చూపే ఎఫ్‌ఎంబీ స్కెచ్ చాలా విలువైన సాక్ష్యం.

కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2015 అక్టోబరు మార్గదర్శకాలలో టవరు కాళ్ల మధ్య భూమికి విలువలో 85 శాతం, తీగల కింది కారిడారుకు గరిష్ఠంగా 15 శాతం సూచించింది. 2024 జూన్‌లో వాటిని 200 శాతానికీ 30 శాతానికీ పెంచింది. రాష్ట్రం ఉత్తర్వు ఇచ్చిన మేరకే ఇవి అమలవుతాయి కనుక, పరిహారం నిర్ణయించే అవార్డులో ఏ ఉత్తర్వు ప్రకారం లెక్క కట్టారో రాయించుకోవాలి. కారిడారు వెడల్పు సాధారణంగా 132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35, 400 కేవీకి 46 మీటర్లుగా లెక్కిస్తారు.

చెట్ల సంగతి మన ప్రాంతంలో తరచూ వచ్చేదే. విద్యుత్ చట్టంలోని 68వ సెక్షన్ ప్రకారం లైనుకు అడ్డమైన చెట్టును తొలగించే అధికారం ఉంది కానీ, లైను వేయకముందే ఉన్న చెట్టుకు పరిహారం ఇవ్వాలి. పొదలకూరు, గూడూరు నిమ్మతోట మీదుగా కొత్త లైను వస్తే పరిహారం అడగవచ్చు. ఉన్న లైను కింద తర్వాత నాటిన సుబాబుల్, జామాయిల్ కొట్టేస్తే ఈ సెక్షన్ కింద అడగడానికి ఆధారం ఉండదు. ఏది ముందో తేల్చేది అడంగల్, ఈ-క్రాప్ నమోదు, లైను వేసిన తేదీ. కొట్టడానికి ముందే చెట్లను లెక్కపెట్టి పంచనామా రాయించి, దాని నకలు తీసుకోవాలి.

7. నెలనెలా అద్దె వస్తుందన్న ప్రచారం

పొలంలో స్తంభం ఉంటే విద్యుత్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం నెలకు వేలల్లో వస్తుందని ఫోన్లలో తిరిగే సందేశాలను నమ్మి అర్జీలు రాయించుకునేవారు ఉన్నారు. 57వ సెక్షన్ సంస్థల సేవా ప్రమాణాల గురించినది, అందులో స్తంభాల అద్దె ప్రస్తావనే లేదు. అలాంటి అర్జీ నింపిపెడతామని డబ్బు అడిగేవారికి దూరంగా ఉండాలి.

8. పని జరగకపోతే

ఏఈ తర్వాత డీఈఈ, ఆపై డివిజన్ ఈఈ, నెల్లూరులోనో ఒంగోలులోనో సర్కిల్ ఎస్ఈ అన్న వరుసలో, పాత అర్జీ నకలు జతచేస్తూ వెళ్లాలి. సర్వీసు ఉన్న వినియోగదారులు సేవాలోపంపై పంపిణీ సంస్థ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయవచ్చు. అక్కడ తృప్తి లేకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే రసీదు నంబరు వస్తుంది. భూమి, పరిహారం తగాదాలకు ఆ దారే సరైనది. విసిగిపోయి సొంతంగా స్తంభం తీయించడం, తీగ కోయించడం మాత్రం ఎంత న్యాయం తన వైపు ఉన్నా చేయకూడదు. లైను సామగ్రిని అనుమతి లేకుండా తొలగించడం విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడగల నేరం.

స్థలం కొనబోయేవారికి ఇవేవీ అవసరం రాకుండా చేసుకునే అవకాశం ఉంది. బేరం తేలకముందే ఒక మధ్యాహ్నం వెళ్లి తీగలు ఎటు పోతున్నాయో చూసి, మార్చడానికి అంచనా ఎంత అవుతుందో సెక్షన్ కార్యాలయంలో అడగాలి. ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమని అమ్మేవారిని కోరాలి. ఒప్పుకుంటే అగ్రిమెంటులోనే ఆ మాట రాయించుకోవాలి.